పాత నావకు కొత్త పలక: ఏ కలప ఎక్కడ పనికొస్తుంది

తమ్ముడూ, మీరు రాసినది రెండుసార్లు చదివాను. మీ నాన్నగారి నావ 28 అడుగులు. టేకు పలకలు, నల్లమద్ది అడుగు దూలం, కట్టి 18 ఏళ్లు అయింది. కోరంగి వైపు ఏటిపాయలో కట్టేసి ఉంచుతారు, వేటకు సముద్రంలోకి తీసుకెళ్తారు. ఇప్పుడు ఒడ్డుకు లాగి చూస్తే కుడివైపు నీటి గీత కింద మూడు పలకలు చిల్లులు పడి ఉన్నాయి. వెనక మూల డెక్కు కింద రెండు ఫ్రేములు (పలకల్ని లోపలినుంచి పట్టి ఉంచే వంపు కర్రలు) వేలితో నొక్కితే దిగుతున్నాయి. మేస్త్రి మామిడి వేద్దామన్నారు, కలప అడితిలో తోట టేకు చూపించారు, మీ మావయ్య అవేమీ వద్దు పైన ఫైబర్ కొట్టించెయ్యమన్నారు. జూన్ 14తో వేట నిషేధం ముగిసేలోగా నావ నీళ్లలో దిగాలి. ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్ పడుతున్నానని రాశారు.

కాకినాడ, తాళ్లరేవు రేవుల్లో 34 ఏళ్లుగా నావల పని చేస్తున్నాను కాబట్టి నాకు తెలిసినంత వివరంగా చెబుతాను. ముందే చెప్పాల్సింది చెప్పేస్తాను: ఆ మూడు పలకలకు ముదురు టేకు చేవ, అంటే చెట్టు నడిమి గట్టి చెక్క వేయండి, ఆ రెండు ఫ్రేములకు వంపు తిరిగిన నల్లతుమ్మ కొమ్మ వెతకండి. నీటి కింద మామిడి వద్దు. ఫైబర్ ఇప్పుడు వద్దే వద్దు. అయితే "టేకు" అన్న పేరు చూసి డబ్బు కట్టకండి. మంచి జాతిలో చెడ్డ ముక్క ఉంటుంది, మామూలు జాతిలో మంచి ముక్క ఉంటుంది. నావలో ఆ ముక్క ఎక్కడ కూర్చుంటుంది, దాని పక్కన ఏముంది అన్నది చూశాకే కలప పేరు ఎత్తాలి.

కలప కొనే ముందు ఇంకో పని ఉంది. మీ నావకు పట్టింది ఒక జబ్బు కాదు, రెండు. పలకల్ని పాడు చేసింది ఒకటి, ఫ్రేముల్ని పాడు చేసింది వేరొకటి. ఈ తేడా తెలియకే చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు.

నీటి కింద పలకకు చిల్లులు పెట్టేది టెరిడో జాతి. పురుగని పిలుస్తాం గానీ అది ఆల్చిప్పల కుటుంబానికి చెందినది. పిల్లగా ఉన్నప్పుడు గుండుసూది మొనంత రంధ్రం చేసి లోపలికి దూరుతుంది. ఆ తర్వాత బయటికి రాదు, లోపలే పెరుగుతూ నార వెంట సొరంగం తవ్వుకుంటూ పోతుంది. సొరంగం గోడకు తెల్లగా సున్నం లాంటి పూత వేసుకుంటుంది. అందుకే బయటినుంచి చూస్తే పలక బాగానే ఉన్నట్టు ఉంటుంది, సుత్తితో కొడితే బోలుగా పలుకుతుంది. మీరు పంపిన ఫోటోలో విరిగిన అంచు దగ్గర తెల్లటి గొట్టాలు కనిపిస్తున్నాయి, అది ఇదే. దీనికి ఉప్పు నీరు కావాలి. గోదావరి వరద వచ్చి పాయ నీరు తియ్యగా మారిన నెలల్లో దాని జోరు తగ్గుతుంది, ఎండాకాలంలో ఉప్పు పైకి తన్నితే మళ్లీ విజృంభిస్తుంది. రాజమండ్రి దగ్గర తిరిగే పడవలకు ఈ బాధ ఎందుకు లేదో, మీ నావకు ఎందుకు ఉందో దీన్నిబట్టి అర్థమవుతుంది. తియ్యటి నీటిలో ఒకట్రెండు రోజులు పెడితే చచ్చిపోతుందని కొందరంటారు. చావదు. లోపలినుంచి రంధ్రం మూసుకుని వారాల తరబడి ఓర్చుకోగలదు. మీ నావ నిషేధం పొడుగునా ఎండలో ఉంది కాబట్టి లోపలివి చచ్చిపోయి ఉంటాయి. కానీ సొరంగాలు ఎక్కడికీ పోవు, ఆ పలకకు బలం తిరిగి రాదు.

ఫ్రేముల సంగతి వేరు. డెక్కు కింద మెత్తబడింది కుళ్లు, అంటే బూజు జాతి పని. దానికి తడీ కావాలి, గాలీ కావాలి. ఎప్పుడూ నీటిలో మునిగి ఉన్న చెక్కకు గాలి అందదు కాబట్టి అక్కడ ఈ కుళ్లు పట్టదు. సముద్రపు నీరు కూడా దానికి పడదు. వాన నీరు డెక్కు సందులోంచి కారి, తడి ఆరని మూలలో నిలిచిన చోటే అది ఇల్లు కట్టుకుంటుంది. మీరు కొత్త ఫ్రేము వేసి పైన డెక్కు కారడం ఆపకపోతే ఎంత ఖరీదైన కలపైనా కొన్నేళ్లలో మళ్లీ అక్కడే మెత్తబడుతుంది. ముందు ఆ కారే సందు వెతకండి. డెక్కు మీద బకెట్ నీళ్లు పోసి కిందినుంచి టార్చి వేసి చూస్తే పది నిమిషాల్లో దొరుకుతుంది.

ఇక పాడైన చోటు ఎంతవరకు అన్నది. సన్నటి మొన ఉన్న ఆర తీసుకుని జానెడు దూరానికొకసారి గుచ్చుకుంటూ పోండి. గట్టి చెక్కలో మొన ఆగుతుంది, తీసేటప్పుడు పట్టుకుంటుంది. పుచ్చిన చోట ఎదురు లేకుండా దిగుతుంది. గట్టి చెక్క మొదలైన చోట సుద్దతో గీత గీసి, అక్కడినుంచి ఇంకో అడుగు బాగున్న చెక్కను కూడా కోసేయాలని లెక్క పెట్టుకోండి. ఆ అడుగు కోయడానికి ఎవరికీ మనసొప్పదు. నాకు కూడా మొదట్లో ఒప్పేది కాదు. మా ఊళ్లో ఒక నావకు అలా గీత మీదే కోసి పలక అతికాను, రెండేళ్లకు అతుకు పక్కనే మళ్లీ బోలు పడింది. ఆ కుటుంబం అప్పు తెచ్చి చేయించుకున్న పని అది. ఆ సంగతి ఇప్పటికీ మర్చిపోలేదు.

ఇప్పుడు కలప. పలకకు కావాల్సిన గుణాలు నాలుగు: నీటిలో ఎక్కువ ఉబ్బకూడదు, ఆరినప్పుడు ఎక్కువ కుంచించుకోకూడదు, వంచితే వంగాలి, మేకును పట్టి ఉంచాలి. టేకు ఈ నాలుగింట్లోనూ నిలబడుతుంది. దానిలో సహజంగా ఉండే నూనె, ఇసుక లాంటి సిలికా దానికి రక్ష. చెక్క చెక్కే బాడిస పదును త్వరగా పోవడానికి కూడా ఆ సిలికానే కారణం. ఒకప్పుడు ఏజెన్సీ అడవుల్లో కొట్టిన టేకు దుంగలను తెప్పలుగా కట్టి గోదావరి మీద రాజమండ్రికి, అక్కడినుంచి రేవులకు దించేవారు. కోరంగిలో ఓడలు కట్టే పని పెరగడానికి ఆ నది ఇచ్చిన టేకు ఒక పెద్ద కారణం.

కానీ టేకుకు టెరిడో అసలు పట్టదని ఎవరైనా చెబితే నమ్మకండి. మన సముద్రం వెచ్చటిది, ఇక్కడ ఏడాది పొడుగునా దాని సంతానం నీటిలో తిరుగుతుంది. మందు పట్టించకుండా వదిలేస్తే మన దేశపు కలపల్లో పూర్తిగా తప్పించుకునేది లేదు. కొన్ని త్వరగా లొంగుతాయి, కొన్ని ఆలస్యంగా లొంగుతాయి. విశాఖపట్నంలో బెంగళూరు కలప పరిశోధన సంస్థ వాళ్లు ఒక సముద్ర కేంద్రం నడిపారు. హార్బరు నీటిలో రకరకాల కలప ముక్కలు వేలాడదీసి ఏది ఎంతకాలం నిలుస్తుందో అక్కడ చూసేవారు. ఆ పరీక్షల్లోంచి పనివాళ్లం నేర్చుకోవాల్సింది ఒకటుంది: జాతి ఒక్కటే సరిపోదు, పైన పూత, ఏటా ఒడ్డుకు లాగి చూడడం కూడా కావాలి.

అడితిలో మీకు చూపించిన తోట టేకు గురించి. రైతు పొలం గట్టు మీద 12, 15 ఏళ్లు పెంచి కొట్టిన చెట్టు అది. అంత చిన్న చెట్టులో చేవ మధ్యలో కొంచెమే ఉంటుంది, చుట్టూ తెల్లచెక్కే. టేకుకున్న పేరంతా చేవది. తెల్లచెక్క పురుగు దగ్గరా, కుళ్లు దగ్గరా మామిడితో సమానం. రంగు తేడా కనిపించకుండా పలక మొత్తానికి ఎర్రటి నూనె రాసి అమ్మే అడితిలు ఉన్నాయి. ఒకసారి నేను కూడా అలాంటి పలకలు మోసుకొచ్చాను, చిత్రిక పట్టగానే ఒక అంచు పొడుగునా తెల్లటి పట్టీ బయటపడింది. అప్పటినుంచి అడితికి వెళ్లేటప్పుడు చిన్న చిత్రిక సంచిలో వేసుకుని వెళ్తాను. రెండు తట్లా కాస్త పట్టి చూడనివ్వని చోట కొనను. మీరు కూడా పలక చివర కోత ముఖం కొత్తగా కోయించి చూడండి. తెల్లటి పట్టీ ఉంటే అది కోసేశాక మీకు కావాల్సిన వెడల్పు మిగులుతుందో లేదో కొలుచుకోండి.

అదే కోత ముఖంలో ఇంకో రెండు విషయాలు కనిపిస్తాయి. చెట్టు నడిబొడ్డు బెండు పలకలో ఉందా? ఉంటే వదిలేయండి, ఏదో ఒకరోజు అక్కడే నెర్రె ఇస్తుంది. వలయాల గీతలు ఎలా ఉన్నాయి? పలక ముఖానికి నిలువుగా నిలబడి ఉంటే అది మంచి కోత. ముఖానికి సమాంతరంగా పడుకుని ఉంటే ఆ పలక తడిసి ఆరినప్పుడల్లా వెడల్పులో ఎక్కువ కదులుతుంది, గిన్నెలా వంగుతుంది. కలప వలయాల వెంట కదిలే కదలిక వలయాలకు అడ్డంగా కదిలే కదలికకు దాదాపు రెండింతలు ఉంటుంది, ఇదంతా అందుకే. నిలువు గీతల పలక కోయించాలంటే దుంగలో వృథా ఎక్కువ, మిల్లువాళ్లు ధర ఎక్కువ చెబుతారు. మూడు పలకలే కాబట్టి ఆ ఖర్చు పెట్టండి. నార పలక పొడుగునా నేరుగా సాగాలి. ముఖం మీదినుంచి అంచు వైపు జారిపోయే నార ఉంటే, వంపు దగ్గర బిగించినప్పుడు అక్కడే చీలుతుంది.

ఆరుదల సంగతి. అన్నిటికంటే ఎక్కువ నావల్ని పాడు చేసేది ఇదే, అందుకే కాస్త ఎక్కువ చెబుతాను. పచ్చి పలక బిగిస్తే ఒడ్డున ఎండినప్పుడు కుంచించుకుని సందు విడుస్తుంది. మరీ ఎండిన పలక బిగిస్తే నీటిలో ఉబ్బి పక్క పలకల్ని తోస్తుంది, మేకులు పీకుతుంది, ఫ్రేము కూడా విరగ్గొట్టగలదు. మన పద్ధతి నావ పలకకు తేమ 15 నుంచి 18 శాతం మధ్య ఉంటే నాకు నమ్మకం. మీటరు ఉంటే మంచిది. లేకపోతే పలక చివరి అడుగు వదిలేసి, లోపలివైపు నుంచి చిన్న ముక్క కోసి బంగారు కొట్టు త్రాసులో తూయించండి. దాన్ని వంద డిగ్రీలు కాస్త దాటిన ఓవెన్‌లో పెట్టి, తూకం ఇక తగ్గడం ఆగేదాకా ఆరబెట్టండి. మొదట 100 గ్రాములుండి చివరికి 85 గ్రాములైతే పోయిన నీరు 15 గ్రాములు. దాన్ని 85తో భాగించాలి, 100తో కాదు. అంటే దాదాపు 17.6 శాతం. ఆ పలక బిగించవచ్చు. 100 గ్రాములు 75 అయితే తేమ 33 శాతం దాటినట్టే. అలాంటిది నీడలో, కింద సన్న కర్రలు పెట్టి, గాలి ఆడేలా పేర్చి ఆగాల్సిందే. జూన్ 14 దగ్గర పడింది కాబట్టి పచ్చి కలప కొనే అవకాశం మీకు లేదు. ఎప్పుడో కోసి ఆరబెట్టిన నిల్వ ఎవరి దగ్గరుందో అడగండి. పాత పెంకుటిళ్లు పడగొట్టినప్పుడు వచ్చే టేకు దూలాలు కూడా చూడండి. దశాబ్దాలు ఆరిన ముదురు చేవ వాటిలో దొరుకుతుంది. మేకులన్నీ పీకించి, చెదల గీతలు లేవని చూసుకుని, మధ్యలోంచి కోయిస్తే మంచి పలకలు వస్తాయి. మరీ ఎండి ఉంటాయి కాబట్టి బిగించే ముందు కొన్ని రోజులు తడి గోనె పట్టాల కింద ఉంచి తేమ పట్టనివ్వాలి.

నిషేధపు 61 రోజులూ సరిగ్గా ఎండలు మండే కాలం. ఒడ్డున ఉన్న మీ నావ పాత పలకలు కూడా ఎండి సందులు విడిచి ఉంటాయి. ఆ విడిచిన సందు చూసి కంగారుపడి మేస్త్రులు దూది గట్టిగా దట్టిస్తారు. నీటిలో దిగాక పలకలు ఉబ్బుతాయి, దూదికి చోటుండదు, ఒత్తిడంతా ఫ్రేముల మీద పడుతుంది. కాబట్టి పని జరిగే రోజుల్లో నావ మీద తాటాకు పందిరి వేయండి, సాయంత్రం సాయంత్రం పలకల మీద నీళ్లు చల్లండి.

టేకు అసలు దొరకకపోతే? నల్లమద్ది గట్టిది, నీటికి ఓర్చుకుంటుంది, అడుగు దూలానికి మీ నాన్నగారు అదే వాడారు, సరైన పని చేశారు. ఒడిశా వైపు నుంచి వచ్చే సాల కలప కూడా దూలానికి మంచిదే. కానీ మూడు పలకలకు వాటిని వాడొద్దంటాను. రెండూ టేకు కంటే బాగా బరువు, ఆరేటప్పుడు మెలి తిరుగుతాయి, పగులు ఇస్తాయి. ముఖ్యంగా మీ నావలో మిగతా పలకలన్నీ టేకు. కొత్త పలక పక్క పలకల కంటే బాగా గట్టిదైతే అది తన తీరులో ఉబ్బుతుంది, పాతవి వాటి తీరులో ఉబ్బుతాయి, మధ్యలో సందు ఎప్పటికీ కుదురుకోదు. 10 సెంటీమీటర్ల పొడుగు, 5 వెడల్పు, 2 మందం ఉన్న ముక్క కోసి తూయండి. ఆరిన టేకైతే 60 నుంచి 70 గ్రాముల మధ్య తూగుతుంది, నల్లమద్ది అయితే 80 దాటుతుంది. పాత పలకలో బాగున్న చోటినుంచి కూడా అలాంటి ముక్కే కోసి రెండూ పక్కపక్కన తూచి చూసుకోండి. పాతదానికి దగ్గరగా ఉన్నదే పాతదాని పక్కన సర్దుకుంటుంది.

మామిడి గురించి మీ మేస్త్రి చెప్పినది పూర్తిగా తప్పు కాదు. చవక, వెడల్పు పలకలు వస్తాయి, సులువుగా వంగుతుంది. ఏటిలో, చెరువులో తిరిగే చిన్న పడవలకు, అలల్లోంచి వలలు వేసే కుట్టు పడవలకు మామిడి వాడేవారు. ఏటా కుట్లు విప్పి పలకలు మార్చుకునే అలవాటుంది కాబట్టి అక్కడ అది సరిపోయింది. కొల్లేరులో తాటి మొద్దు తొలిచి చేసిన దోనెలు కూడా అలాంటివే, ఆ నీటికి, ఆ అవసరానికి అవి చాలు. వేట కాలమంతా ఉప్పు పాయ నీటిలోనే ఉండే మీ నావకు మామిడి వేస్తే టెరిడోకు విందు పెట్టినట్టే. లోపల నిలబడే బల్లలకు, చేపల పెట్టె మూతలకు మామిడి వాడుకోండి, అక్కడ డబ్బు మిగుల్చుకోండి.

వేప చేదు కాబట్టి దేనికీ పట్టదని మన వైపు గట్టి నమ్మకం. చెదల దగ్గర ఆ చేదు కొంత పని చేస్తుంది. సముద్రంలో దాన్ని నమ్ముకోకండి. సరుగుడు, నీలగిరి పలకలకు పనికిరావు. రెండూ పగుళ్లు ఇస్తాయి, సరుగుడుకు మేకు కొడితే చీలుతుంది. గెడలకు వాడుకోవచ్చు. కోరంగి అభయారణ్యం మడ చెట్ల జోలికి మాత్రం ఎవరు చెప్పినా వెళ్లకండి. 1978 నుంచి అది రక్షిత ప్రాంతం, కేసు అవుతుంది. కేసు సంగతి పక్కన పెట్టినా, తుఫాను అల మన ఊరి మీద పడకుండా ముందు నిలబడేది ఆ మడే.

ఫ్రేములకు నల్లతుమ్మ అన్నాను. ఇక్కడ కావాల్సింది కోసిన పలక కాదు, పుట్టుకతోనే వంపు తిరిగిన కొమ్మ. నేరుగా ఉన్న దుంగలోంచి వంపు ఆకారం కోస్తే నార మధ్యలో తెగిపోతుంది, అల కొట్టినప్పుడు అక్కడే విరుగుతుంది. కొమ్మ వంపులో నార కూడా వంపుతో పాటే తిరుగుతుంది. పాత ఫ్రేమును పూర్తిగా ఊడదీసే ముందు అట్ట మీద దాని ఆకారం గీసి, ఆ అట్ట పట్టుకుని పొలం గట్ల మీద తుమ్మ చెట్లు చూస్తూ తిరగండి. చెట్టు యజమానిని అడిగి, కావాల్సిన కొమ్మ ఒక్కటే కొట్టించుకోండి. ఆ కొమ్మలోనూ ఎర్రటి చేవ కావాలి, చుట్టూ ఉన్న లేత చెక్క బాడిసతో చెక్కేయాలి. పచ్చి తుమ్మ త్వరగా ఎండితే పగులుతుంది. అందుకని చివర్లకు పేడ గానీ పెయింట్ గానీ పూసి నీడలో ఉంచండి. సర్కారు తుమ్మ వేరు, అది కూడా గట్టిదే, చిన్న మూల ముక్కలకు పనికొస్తుంది గానీ మీ ఫ్రేముకు సరిపడా పొడుగు దొరకడం కష్టం. తుమ్మ దొరక్కపోతే ముదురు చింత కొమ్మలోని చేవ చూడండి.

తుమ్మలో, మద్దిలో వగరు ఎక్కువ. ఆ వగరు ఇనుమును తింటుంది. పాత నావల్లో ఇనుప మేకు చుట్టూ నల్లటి మరక, మెత్తబడ్డ చెక్క కనిపించేది అందుకే. మామూలు ఇనుప మేకులు వద్దు. బాగా జింకు పూత పట్టిన నావ మేకులు కొనండి, స్తోమత ఉంటే రాగి. మీ నావలో పాత మేకులు జింకు పూతవైతే కొత్తవి కూడా అవే వాడండి. ఉప్పు నీటిలో రెండు లోహాలు పక్కపక్కనే ఉంటే ఒకటి రెండోదాన్ని తినేస్తుంది. ఇత్తడి స్క్రూలు నీటి కింద పెట్టొద్దు, అందులోని జింకు పోయి గులాబీ రంగు తిరిగి పెళుసుబారతాయి. ప్రతి మేకుకూ ముందు బరమాతో కన్నం వేయాలి, తుమ్మలో అయితే తప్పనిసరి.

కొలత విషయానికొస్తే, పాడైన చోటు మూడడుగులే కదా అని మూడడుగుల ముక్క అతకొద్దు. పొట్టి ముక్క వంపును పట్టుకోలేదు. కనీసం ఐదారు ఫ్రేముల మీద సాగే పలక వేయండి. మూడు పలకల అతుకులూ ఒకే వరుసలో రాకూడదు, పక్కపక్క పలకల అతుకుల మధ్య కనీసం మూడు ఫ్రేముల దూరం ఉండాలి. ఏటవాలు అతుకు అయితే పలక మందానికి ఎనిమిది రెట్ల పొడుగు ఉండాలి. మీ పలక అంగుళం పావు మందం అన్నారు కాబట్టి పది అంగుళాలు. 12 అడుగుల పొడుగు, 8 అంగుళాల వెడల్పు, అంగుళం పావు మందం పలకకు ఘనపుటడుగులో ఆరింట ఐదు వంతుల కలప పడుతుంది. మూడింటికి కలిపి రెండున్నర ఘనపుటడుగులు. తెల్లచెక్క తీసేయడానికి, చిత్రికకు, వంపు కోతకు మూడో వంతు కలుపుకుంటే మూడుంపావు నుంచి మూడున్నర దాకా కొనండి. బిల్లు తీసుకోండి, టేకుకు అటవీ శాఖ రవాణా పర్మిట్ ఉందో లేదో అడగండి. దారిలో ఆపితే చూపించాల్సింది మీరే.

మందు సంగతి. బోరాక్స్ మందు ఇంట్లో మంచాలకు బాగుంటుంది, నీటి కింద కరిగి పోతుంది. ఒత్తిడితో లోపలికి ఎక్కించిన మందే సముద్రంలో నిలుస్తుంది. కానీ టేకు చేవ మందును లోపలికి రానివ్వదు, లేత చెక్కే తాగుతుంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ వాళ్లు రబ్బరు చెట్టు కలపకు మందు ఎక్కించి పడవలు చేసి చూపించారు. అంత మెత్తటి చవక కలప నిలబడింది అది మందు బాగా తాగుతుంది కాబట్టే. మీకు మాత్రం చేవ పలకకు పైపూతే దారి. పలక బిగించే ముందే లోపలి ముఖానికి, అంచులకు, ముఖ్యంగా కోసిన చివర్లకు పూత పడాలి, బిగించాక అక్కడికి బ్రష్ వెళ్లదు. మన పెద్దలు గుగ్గిలం నూనెలో కాచి రాసేవారు, చేప నూనె రాసేవారు. జీడి పెంకు నూనె కూడా మంచిదే, పలాస వైపు దొరుకుతుంది. చర్మానికి తగిలితే బొబ్బలెక్కుతుంది, గ్లౌజులు వేసుకోండి. అన్నిటి పైన రాగి కలిసిన అడుగు పెయింట్ ఏటా వేయించండి. ఆకుపచ్చగా మందు పట్టించిన కలప ముక్కలు ఎక్కడైనా మిగిలితే పొయ్యిలో పెట్టకండి, వాటిలో ఆర్సెనిక్ ఉండవచ్చు, ఆ పొగ ప్రమాదం.

ప్లైవుడ్ గురించి మీరు చివర్లో ఒక మాట అడిగారు. డెక్కుకు, చిన్న గదికి వాడుకోవచ్చు. షాపువాళ్లు "మెరైన్" అని రాసినది కాదు, షీటు మీద ఐ.ఎస్. 710 (భారత ప్రమాణం) ముద్ర ఉన్నది కొనండి. ఆ ముద్ర కావాలంటే జిగురు 72 గంటలు మరిగే నీటిలో ఊడకుండా నిలవాలి. చిన్న ముక్క ఇంట్లో ఒక పగలంతా ఉడకబెట్టి చూడండి, పొరలు విడిస్తే తిరిగి ఇచ్చేయండి. ఒక్కొక్క పలకగా కట్టిన మీ నావ పక్కలకు మాత్రం ప్లైవుడ్ అతకొద్దు.

మీ మావయ్య చెప్పిన ఫైబర్ గురించి ఆయనతో నిదానంగా మాట్లాడండి. 2004 సునామీ తర్వాత మన తీరమంతా ఫైబర్ తెప్పలు వచ్చాయి, అవి బాగా పనిచేస్తున్నాయి కూడా, ఆయన మనసులో ఉన్నది అదే అయ్యుంటుంది. కానీ అవి పుట్టుకతోనే ఫైబర్. 18 ఏళ్ల చెక్క పలకలు తడికి ఉబ్బుతూ ఆరుతూ కదులుతూనే ఉంటాయి, పైన అంటించిన ఫైబర్ కదలదు. సందుల మీద సన్నగా చీలుతుంది, నీరు లోపలికి పోతుంది, బయటికి రాదు. లోపల చెక్క ఎంత కుళ్లిందో ఎవరికీ కనిపించదు. సముద్రం మీద ఉన్నప్పుడు అది తెలియడం నాకు ఊహించడానికే భయం.

నీళ్లలో దించిన రోజు ఇంజిన్ వేసి వేటకు పోకండి. కట్టేసి ఒకట్రెండు రోజులు వదిలేయండి. కొత్త సందుల్లోంచి మొదట కొంచెం ఊరుతుంది, పలకలు ఉబ్బేకొద్దీ తగ్గుతుంది. మొదటి రాత్రి మనిషినీ పంపునూ నావలోనే ఉంచండి. మూడో రోజుకు కూడా ఒకే చోట ధారగా వస్తుంటే దూది మళ్లీ దట్టించకుండా నావ ఒడ్డుకు లాగి, ఆ పలక అతుకు ఫోటో ఇక్కడ పెట్టండి. అడితిలో పలక చూశాక కొనే ముందు దాని కోత ముఖం ఫోటో కూడా పెడితే అదే రోజు చూసి చెబుతాను.